గోలీకి ఎండ తగిలితే

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం బల్క్‌డ్రగ్ కంపెనీల్లో ప్యాకింగ్ చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. కొన్ని మందుల పొడిని డ్రమ్ములోకి ఎత్తేటప్పుడు కవర్ మీద నల్ల పాలిథిన్ కవర్ తొడిగి మూతి బిగిస్తారు. వెలుతురు తగలనీయొద్దని పైన లేబుల్ ఉంటుంది. తగిలితే పొడి రంగు మారుతుంది, మందు చెడిపోతుంది. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్ససిన్ అలాంటివే. డ్రమ్ములో ఉన్నంతసేపూ ఇంత కాపలా కాస్తాం. అదే మందు గోలీగా కడుపులోకి వెళ్లి, రక్తంతో పాటు చర్మంలోకి చేరాక నల్ల కవర్ ఎక్కడిది?

వెలిమెల నుంచి పొద్దున్నే ఇటు పటాన్‌చెరు వైపు షిఫ్టుకు పోయేవాళ్లున్నారు, అటు గచ్చిబౌలి వైపు ఆఫీసులకు పోయేవాళ్లున్నారు. ఒకరు మందు తయారయ్యే చోట పనిచేస్తే, ఇంకొకరు మెడికల్ కోడింగ్‌లో కూర్చుని, ఎక్కడో అమెరికాలో రోగికి ఆ మందు చేసిన చెరుపుకు కోడ్ వేస్తూ ఉండవచ్చు. ఈ కథలో ఇద్దరికీ పనుంది.

ఒక ఆపరేటర్‌ను ఊహించుకుందాం. కంపెనీ బస్సులో రోజూ ఎండవైపు కిటికీ సీటు. మొటిమలకు డాక్సీసైక్లిన్ వాడుతున్నాడు. నాలుగో రోజుకల్లా ముఖం, చేతులు మండి కమిలిపోయాయి. ఇంట్లో ఏమంటారు? ‘గోలీ వేడి చేసింది, మజ్జిగ తాగు’ అంటారు. మందుల షాపులో అడిగితే అలర్జీ అంటారు. రెండు మాటల్లోనూ ఎండ ఊసే లేదు.

జరిగింది ఇది. చర్మంలోని మందు అణువు ఎండలోని అతినీలలోహిత కిరణాలను, ముఖ్యంగా యూవీ-ఎ అనే రకాన్ని పీల్చుకుంటుంది. ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా రెచ్చిపోయిన ఆక్సిజన్ కణాల పైపొరలను దెబ్బతీస్తుంది. మామూలుగా ఎండకు కాలడం యూవీ-బి వల్ల. దాన్ని కిటికీ అద్దం ఆపేస్తుంది. యూవీ-ఎ మాత్రం అద్దంలోంచి చాలావరకు దూరి వస్తుంది. అందుకే ‘నేను ఎండలో తిరగనే లేదు డాక్టర్’ అన్న రోగి మాటా నిజమే, కమిలిన చెయ్యీ నిజమే.

డాక్సీసైక్లిన్ ఉన్న టెట్రాసైక్లిన్ల కుటుంబానికి ఈ గుణం పాతదే. వాటిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడి పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇక బీపీకి వాడే హైడ్రోక్లోరోథయజైడ్, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్, నొప్పులకు వాడే నాప్రోక్సెన్ కూడా ఎండతో పడనివే.

రోగ నిర్ధారణకు మొదట కావాల్సింది కళ్లు. చేతి గడియారం తీయమంటే చాలు, సగం జవాబు అక్కడే ఉంటుంది. పట్టీ కింద చర్మం మామూలుగా ఉండి, అంచు నుంచి గీత గీసినట్టు నలుపు మొదలైతే అది వెలుతురు పనే. ఆ తర్వాత చెవి వెనక చూడాలి, గడ్డం కింద చూడాలి, పై రెప్పలు చూడాలి. ఎండ పడని ఈ చోట్లు బాగుండి ముక్కు, బుగ్గలు, మెడ ముందుభాగం కమిలితే అనుమానం బలపడుతుంది. ఆ నీడ చోట్లలోనూ దురద, దద్దు ఉంటే మన చేల గట్ల మీద, ఖాళీ ప్లాట్లలో పెరిగే వయ్యారిభామ గుర్తుకు రావాలి. దాని పొడి గాలిలో ఎగిరి వచ్చి రెప్పల మీద, మడతల్లో కూర్చుంటుంది.

పుస్తకాల్లో ఈ మచ్చ ఎర్రగా ఉంటుంది. మన చామనఛాయ, నల్లని ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనిపించదు, నలుపే ముందు తెలుస్తుంది. అందుకని మంగు అనుకుని ఏదో క్రీము రాసుకుంటూ నెలలు గడిపేస్తారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

జొన్న పండే మన మెతుకుసీమలో ఇంకో పోలిక మరవకూడదు. నయాసిన్ అనే విటమిన్ తక్కువైతే వచ్చే పెల్లాగ్రాలోనూ ఎండ తగిలే చోటే చర్మం నల్లబడుతుంది, మెడ చుట్టూ హారంలా పట్టీ ఏర్పడుతుంది. హైదరాబాద్‌లోని నేటి జాతీయ పోషకాహార సంస్థలో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంటియా 1960లో దీన్ని జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లంతో ముడిపెట్టారు. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ కూడా శరీరంలో నయాసిన్ తయారీకి అడ్డుపడి ఇదే రూపం తేగలదు. కాబట్టి గోలీల చీటీతో పాటు రోగి ఏం తింటున్నాడో కూడా అడగాలి.

ఎండతో కలిసి మందు చేసే చెరుపు రెండు రకాలు. పైన చెప్పింది విషప్రభావం. మందు మోతాదు, ఎండ మోతాదు సరిపడా కలిస్తే ఎవరికైనా రావచ్చు, గంటల్లోనే వస్తుంది. రెండోది అసలైన అలర్జీ. వెలుతురుకు మారిన మందు చర్మంలోని ప్రొటీన్‌కు అతుక్కుంటే, రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా గుర్తుపెట్టుకుంటుంది. ఇది కొద్దిమందికే, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, విపరీతమైన దురదతో వస్తుంది, బట్ట కింది చర్మానికీ పాకుతుంది. కీటోప్రొఫెన్ ఉన్న నొప్పి జెల్ ఇందుకు పేరుమోసింది. రాయడం ఆపేశాక కూడా రెండు వారాలు ఆ చోటును ఎండ నుంచి కాపాడుకోవాలి. తేల్చడానికి ఫొటోప్యాచ్ పరీక్ష ఉంది. వీపు మీద అనుమానించిన పదార్థాలను రెండు వరుసలుగా అంటించి, ఒక వరుసకే యూవీ-ఎ చూపిస్తారు. వెలుతురు పడ్డ వరుస మాత్రమే పొంగితే దోషి దొరికినట్టే.

ఈ తేడా కోసం పట్టుబట్టడానికి కారణం ఉంది. విషప్రభావాన్ని అలర్జీ అని రాసేస్తే ఆ రోగికి డాక్సీసైక్లిన్ జన్మంతా నిషేధమవుతుంది. రేపు స్క్రబ్ టైఫస్ వస్తే ముందుగా కావాల్సింది ఆ మందే.

కోడింగ్ పుస్తకం ఈ తేడాను గుర్తించింది. విషప్రభావానికి ఎల్56.0, అలర్జీకి ఎల్56.1. అమెరికాలో వాడే ఐసీడీ-10-సీఎం ప్రకారం ముందు ఈ కోడ్ వేసి, తర్వాత మందుది వేయాలి. టెట్రాసైక్లిన్ అయితే టి36.4ఎక్స్5ఎ. అందులో 5 అంకె, సరిగా ఇచ్చిన మందును సరిగానే వాడినా చెరుపు జరిగిందని చెబుతుంది. పక్కింటాయన గోలీ పొరపాటున మింగితే 5 బదులు 1 వస్తుంది, వరుసలో మందు కోడే ముందుకు జరుగుతుంది. ఎండకూ ఒక కోడ్ ఉంది, ఎక్స్32. డాక్టర్ ‘దద్దుర్లు, అలర్జీ’ అని మాత్రమే రాస్తే కోడర్ తనంతట తాను మందునూ ఎండనూ జతచేయకూడదు. డాక్టర్‌కు ప్రశ్న తిప్పి పంపాలి.

మన దగ్గర ఇలాంటి ఘటనలు నమోదు చేయడానికి 2010 నుంచి జాతీయ కార్యక్రమం నడుస్తోంది. రోగి స్వయంగా కూడా 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పవచ్చు. మందును, ముఖ్యంగా బీపీ, గుండె మందులను సొంతంగా ఆపొద్దు. గోలీల షీటు పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్తే వేరే మందుకు మారుస్తారు.

మన ఆపరేటర్‌కు మందు మారింది, మంట వారంలో తగ్గింది. చికిత్స ముగిసి పరీక్షకు మాత్రమే మళ్లీ వెళ్తే కోడ్ చివరి ఎ పోయి డి వస్తుంది. గడియారం పట్టీ దగ్గరి గీత మాత్రం ఇంకా కొన్ని నెలలు అలాగే ఉంటుంది.