వియన్నా నుంచి ఉత్తరం

పుట్టింది యూదుల ఇంట. కొలువు నిజాం నవాబు పత్రికలో. కన్నతండ్రి చిక్కుకున్నది హిట్లర్ చేతుల్లో. హైదరాబాదులో సంపాదకుడిగా పనిచేసిన ఓ కొడుకు, వియన్నాలో ఉండిపోయిన ఓ తండ్రి... ఇది వాళ్లిద్దరి కథ.

1937లో హైదరాబాదు పేరు ప్రపంచమంతా మారుమోగింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రజతోత్సవాలు జరిగింది ఆ ఏడే. ప్రపంచంలోకెల్లా సంపన్నుడంటూ అమెరికాలోని 'టైమ్' పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసిందీ అప్పుడే. అదే సమయంలో నగరంలో ఓ కొత్త సంపాదకుడు బాధ్యతలు తీసుకున్నాడు. పత్రిక పేరు 'ఇస్లామిక్ కల్చర్'. నిజాం ప్రభుత్వ అండతో ఇంగ్లిషులో వెలువడే త్రైమాసిక పత్రిక అది. అంతకుముందు దాన్ని నడిపినవాడు మార్మడ్యూక్ పిక్తాల్. ఇస్లాం స్వీకరించిన ఆంగ్లేయుడు. ఖురాన్‌ను ఇంగ్లిషులోకి తెచ్చినవాడు. ఆయన 1936లో కన్నుమూశాడు. ఆ కుర్చీలోకి వచ్చినాయన పేరు మహమ్మద్ అసద్.

అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. వాళ్లు పెట్టిన పేరు లియోపోల్డ్ వైస్.

1900లో అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని లెంబర్గ్‌లో పుట్టాడాయన. ఇప్పుడది ఉక్రెయిన్‌లోని లవీవ్. తాత యూదుల మతగురువు. ఆ వంశంలో తరతరాలుగా అదే వృత్తి. తండ్రి ఆ దారి వదిలి లాయరయ్యాడు. అయినా కొడుక్కి మతగ్రంథాల చదువు తప్పనివ్వలేదు. చిన్నతనంలోనే కుర్రాడికి హీబ్రూ వచ్చేసింది. తర్వాత కుటుంబం వియన్నా చేరింది. కుర్రాడు యూనివర్సిటీ చదువు మధ్యలో వదిలేసి బెర్లిన్ వెళ్లిపోయాడు. సినిమావాళ్ల దగ్గర కొన్నాళ్లు, వార్తాసంస్థలో కొన్నాళ్లు పనిచేశాడు. 1922లో జెరూసలెంలో ఉన్న మేనమామ దగ్గరికి వెళ్లాడు. అక్కణ్నుంచే 'ఫ్రాంక్‌ఫర్టర్ సైటుంగ్' అనే పెద్ద జర్మన్ పత్రికకు విలేకరయ్యాడు. అరబ్బుల దేశాలన్నీ తిరిగాడు. 1926లో ఇస్లాం స్వీకరించాడు.

చచ్చినవాడితో సమానం

ఆ సంగతి తండ్రికి ఉత్తరంలో రాశాడు. జవాబు లేదు. కొన్ని నెలలకు సోదరి దగ్గర్నుంచి కబురొచ్చింది. నాన్న దృష్టిలో నువ్వు చచ్చినవాడితో సమానం అని దాని సారాంశం. మళ్లీ రాశాడు. మతం మారినా మీ మీద ప్రేమ మారలేదని చెప్పుకొన్నాడు. దానికీ జవాబు లేదు.

మన పల్లెల్లో కులం కాని పెళ్లి చేసుకున్న కొడుకు బతికుండగానే తలస్నానం చేసి తర్పణాలు వదిలేసే తండ్రుల్ని ఎరగనివాళ్లు ఎవరు! ఇదీ అలాంటిదే. దేశం వేరు, దేవుడు వేరు, పట్టుదల ఒకటే.

తొమ్మిదేళ్లు గడిచాయి. ఈలోగా అసద్ మక్కా యాత్ర చేశాడు. సౌదీ రాజు ఇబ్న్ సౌద్‌కు దగ్గరయ్యాడు. అరబ్బుల అమ్మాయి మునీరాను పెళ్లాడాడు. వాళ్ల కొడుకు తలాల్ 1932లో మదీనాలో పుట్టాడు. తలాల్ అసద్ తర్వాతి కాలంలో ప్రపంచానికి తెలిసిన మానవశాస్త్రవేత్త అయ్యాడు. ఆ 1932లోనే అసద్ ఇండియా వచ్చాడు. కవి ఇక్బాల్‌తో పరిచయం కలిసింది.

1935లో తండ్రి కరిగాడు. కొడుకు ఎందుకు అలా వెళ్లాడో అర్థమైందని ఉత్తరం రాశాడు. అప్పట్నుంచి వియన్నాకూ ఇండియాకూ మధ్య ఉత్తరాలు నడుస్తూనే ఉన్నాయి. కొడుకు హైదరాబాదు కొలువులో చేరేనాటికి తండ్రీకొడుకుల మధ్య గోడ లేదు. సముద్రాలే మిగిలాయి.

చేతికి బ్రష్ ఇచ్చి...

1938 మార్చి 12న జర్మన్ సైన్యం ఆస్ట్రియాలోకి నడిచింది. ఒక దేశాన్ని మింగడానికి యుద్ధం కూడా అవసరం పడలేదు. రోడ్ల పక్కన జనం జేజేలు కొట్టారు. ఆ రాత్రి నుంచే వియన్నాలో యూదుల వేట మొదలైంది. డాక్టర్లు, ప్రొఫెసర్లు, ముసలమ్మలు అని చూడలేదు. వీధిలోకి ఈడ్చి, చేతికి బ్రష్ ఇచ్చి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఫుట్‌పాత్‌ల మీది పాత రాజకీయ నినాదాలు కడిగించారు. చుట్టూ చేరి నవ్వింది ఎక్కణ్నుంచో వచ్చిన సైనికులు కాదు, నిన్నటిదాకా పక్కింట్లో ఉన్నవాళ్లు.

అప్పటికి ఆస్ట్రియాలో సుమారు 1,90,000 మంది యూదులు ఉండేవారు. అత్యధికులు వియన్నాలోనే. లాయర్లను బార్ నుంచి తప్పించారు. దుకాణాలు లాక్కున్నారు. ఆ ఆగస్టులో అడాల్ఫ్ ఐఖ్‌మన్ అనే యువ అధికారి రోత్‌షీల్డ్ భవంతిలో ఒక ఆఫీసు తెరిచాడు. వలసల కార్యాలయం అని పేరు. యూదుడు ఒక వైపు నుంచి ఇల్లూ ఆస్తీ ఉన్నవాడిగా లోపలికి వెళ్లేవాడు. కౌంటరు తర్వాత కౌంటరు. పన్నులు, జరిమానాలు, సంతకాలు. అవతలి వైపు నుంచి ఒక్క పాస్‌పోర్టుతో బయటపడేవాడు. అక్టోబరు నుంచి ఆ పాస్‌పోర్టు మీద ఎర్రగా 'జె' అనే అక్షరం గుద్దేవారు. నవంబరు 9 రాత్రి ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు. వేలమందిని పట్టుకుని శిబిరాలకు తోలారు. 1939 జనవరి నుంచి మరో హుకుం. పేరు చూడగానే యూదుడని తెలియకపోతే మగవాళ్లు పేరుకు 'ఇజ్రాయెల్' అనీ, ఆడవాళ్లు 'సారా' అనీ తగిలించుకోవాలి.

ఆస్తి వదులుకోవడానికి జనం సిద్ధపడ్డారు. అసలు చిక్కు అక్కడ కాదు. పోవడానికి చోటేది? 1938 జులైలో ఫ్రాన్సులోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై కాందిశీకుల సంగతి చర్చించాయి. సానుభూతికి లోటు లేదు. తలుపు తీసినవాళ్లే దాదాపు లేరు. బ్రిటిష్ ఇండియాకు రావాలన్నా వీసా కావాలి. ఇక్కడ ఉద్యోగమో, పూచీపడే మనిషో ఉండాలి. బొంబాయిలోని యూదుల సహాయ సంఘం అలాంటి పూచీలిచ్చి కొందర్ని ఒడ్డున పడేసింది. యూదు నిపుణుల్ని రప్పించుకుంటే దేశానికే మేలని నెహ్రూ వాదించారు. గాంధీజీ ఆ నవంబరులో 'హరిజన్'లో రాస్తూ జర్మనీ యూదులకు సత్యాగ్రహం సూచించారు. యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ దానికి బాధతో జవాబు రాశారు. ఉప్పు సత్యాగ్రహంలో లాఠీ ఎత్తిన ప్రభుత్వం వేరు, వియన్నాలో బ్రష్ చేతికిచ్చిన ప్రభుత్వం వేరు. ఆ తేడా వార్ధాకు అందలేదనే చెప్పాలి.

అసద్ ఆ అక్టోబరులో 'ఇస్లామిక్ కల్చర్' సంపాదకత్వం వదిలేశాడు. 1939లో యూరప్ బయల్దేరాడు. తనవాళ్లను బయటికి తేవడానికి చేయగలిగిందంతా చేసిచూడాలన్నది ఆలోచన. లండన్ దాకా వెళ్లాడు. ఎవరికీ అక్కర్లేని మనుషుల కోసం కాగితాలు పుట్టించడం ఎంత కష్టమో, అలా తిరిగిన వేలమందికి అప్పటికే తెలుసు. తండ్రి, సోదరి వియన్నాలోనే ఉండిపోయారు. అసద్ ఒంటరిగా ఇండియా తిరిగొచ్చాడు. సెప్టెంబరులో యుద్ధం మొదలైంది.

శత్రుదేశస్థుడు!

యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోని జర్మన్లందర్నీ పట్టుకుంది. ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయింది కాబట్టి ఆస్ట్రియన్లూ జర్మన్లే. హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన యూదుల్ని కూడా మొదట లోపల వేశారు. తర్వాత విచారణ జరిపి చాలామందిని వదిలారు. అసద్‌ను వదల్లేదు. ఆయన మీద బ్రిటిష్ వారికి ముందునుంచీ రాజకీయ అనుమానాలున్నాయి. ఒక నెల కాదు, ఏడాది కాదు. దాదాపు ఆరేళ్లు.

ఆ శిబిరాల్లో ఎవరుంటారు? ఆసియా దేశాల నుంచి పోగుచేసిన జర్మన్లు, ఆస్ట్రియన్లు, ఇటాలియన్లు. హిట్లర్ భక్తులూ, హిట్లర్‌ని తిట్టేవాళ్లూ అంతా ఒకే కంచె లోపల. హాలీవుడ్ సినిమా 'సెవెన్ ఇయర్స్ ఇన్ టిబెట్' చూసినవాళ్లకు హైన్రిక్ హారర్ గుర్తుండే ఉంటాడు. డెహ్రాడూన్‌లోని ఇలాంటి శిబిరం నుంచే పారిపోయి టిబెట్ చేరిన పర్వతారోహకుడు ఆయన. నాజీల ఎస్ఎస్ దళంలో చేరినవాడు. అలాంటి మనుషులు ఉన్న శిబిరాల్లో, నాజీ చట్టం ప్రకారం యూదుడైన ఒక ముస్లిం ఆరేళ్లు గడపాలి. మొత్తం నిర్బంధితుల్లో ముస్లిం తానొక్కడే.

ఇంకో విడ్డూరం చూడండి. 1941 నవంబరులో నాజీ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. విదేశాల్లో ఉంటున్న యూదులందరికీ జర్మన్ పౌరసత్వం రద్దు. మతం మార్చుకున్నా వాళ్ల లెక్కలో మినహాయింపు లేదు. తాతముత్తాతల రక్తమే లెక్క. అంటే జర్మనీ ఈయన మావాడు కాదంది. ఇంగ్లండేమో జర్మన్‌వని చెప్పి జైల్లో పెట్టింది!

అదృష్టం ఎలా మనిషికో రకంగా ఉంటుందో చూడాలంటే మన నల్లమల వైపు రావాలి. మహానంది కోనేట్లోకి ఎండాకాలంలోనూ నీళ్లు పంపే ఈ కొండలు ఉత్తరాన కృష్ణ దాటి అమ్రాబాద్ పీఠభూమిగా సాగుతాయి. అప్పట్లో నదికి ఇవతల కర్నూలు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ, అవతల నిజాం రాజ్యం. ఆ అవతలి అడవిలో 1940లో ఓ వియన్నా మనిషి చెంచుల గుడిసెల మధ్య నోటుపుస్తకం పట్టుకు తిరిగాడు. క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్. యూదుడు కాదు, ఆస్ట్రియా దొరల వంశం. యుద్ధం మొదలైనప్పుడు ఆయన చేతిలోనూ జర్మన్ పాస్‌పోర్టే ఉంది. ఆయన్నీ అదుపులోకి తీసుకున్నారు. అయితే పెద్దల పరిచయాలు పనిచేశాయి. నిజాం రాజ్యం దాటకుండా ఉంటే చాలన్నారు. భార్య బెట్టీతో కలిసి ఆయన చెంచుల మీద రాసిన పుస్తకం 1943లో వచ్చింది. తర్వాత ఆదిలాబాద్ గోండుల కోసం మర్లవాయిలో బడి పెట్టించిందీ ఆయనే. ఆ దంపతుల సమాధులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఒకే నగరం నుంచి వచ్చిన ఇద్దరు, ఒకే రకం పాస్‌పోర్టు. ఒకరికి అడవంత జైలు దొరికింది, ఇంకొకరికి ముళ్లకంచె.

ఉత్తరాలు ఆగిన ఏడాది

ఈలోగా వియన్నాలో మిగిలిన యూదుల్ని ఇళ్లు ఖాళీ చేయించి ఒకే పేటలో కుక్కారు. 1941 సెప్టెంబరు నుంచి బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలన్నారు. ఆ అక్టోబరు నుంచి అస్పాంగ్ స్టేషన్‌లో రైళ్లు బారులు తీరాయి. అదేమీ ఊరి బయట స్టేషన్ కాదు. నగరం మధ్యలో, పట్టపగలు, ట్రక్కుల్లో తెచ్చి ఎక్కించేవారు. పోలండ్, బెలారస్, బాల్టిక్ ప్రాంతాలకు, తెరీజియన్‌స్టాట్ శిబిరానికి. ఆ ఒక్క స్టేషన్ నుంచే 40,000 మందికి పైగా వెళ్లారు. తిరిగి వచ్చింది ఏ కొద్దిమందో. మొత్తం మీద ఆస్ట్రియా యూదుల్లో సుమారు 65,000 మంది నాజీల చేతుల్లో చనిపోయారు.

అసద్‌కూ తండ్రికీ మధ్య ఉత్తరాలు 1942 దాకా నడిచాయి. ఆ ఏడాది తండ్రినీ సోదరినీ వియన్నా నుంచి తరలించారు. ఇద్దరూ నాజీ శిబిరాల్లోనే ప్రాణాలు వదిలారు. చచ్చినవాడితో సమానమనుకున్న కొడుకు కంచె వెనక బతికే ఉన్నాడు. ఆ కొడుకును మళ్లీ తనవాడనుకున్న తండ్రి పోయాడు. 1935 తర్వాత ఆ ఇద్దరూ ఒక్కసారైనా ముఖాముఖి కలుసుకోలేదు.

1945 ఆగస్టులో అసద్‌ను విడుదల చేశారు. అప్పటికి యూరప్‌లో యుద్ధం ముగిసి మూడు నెలలు దాటింది. దేశ విభజనప్పుడు ఆయన పాకిస్తాన్ వెళ్లాడు. ఆ అల్లర్లలో బుఖారీ హదీసుల అనువాదం రాతప్రతులు చాలావరకు పోయాయి. ఏళ్ల తరబడి చేసిన పని అది. పాకిస్తాన్ విదేశాంగశాఖలో పనిచేసి, 1952లో ఐక్యరాజ్యసమితికి వెళ్లి, ఆ తర్వాత కొలువు వదిలేశాడు. 1954లో వచ్చిన 'ది రోడ్ టు మక్కా' ఆయన్ను ప్రపంచానికి పరిచయం చేసింది. 1980లో ఖురాన్‌కు ఆయన ఇంగ్లిషు అనువాదం వెలువడింది. 1992లో స్పెయిన్‌లో కన్నుమూశాడు.

యూదుల ప్రత్యేక రాజ్యం ఆలోచనను ఆయన కుర్రతనంలోనే వ్యతిరేకించాడు. తండ్రి చావు తర్వాత కూడా ఆ మాట మార్చుకోలేదు. అందుకు ఆయన్ను తప్పుపట్టేవాళ్లు ఉన్నారు, మెచ్చేవాళ్లూ ఉన్నారు. 'ది రోడ్ టు మక్కా' చదివితే మాత్రం ఒక విషయం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఎడారి ప్రయాణాలకు, ఒంటెలకు, బావులకు, రాజుల మాటలకు పేజీలకు పేజీలు ఇచ్చిన మనిషి, తండ్రీ సోదరీ ఎలా పోయారన్నది ఒకటి రెండు వాక్యాల్లో ముగించేశాడు.

2008లో వియన్నా నగరం ఐక్యరాజ్యసమితి కార్యాలయాల ముందున్న కూడలికి మహమ్మద్ అసద్ పేరు పెట్టింది. అస్పాంగ్ స్టేషన్ ఇప్పుడు లేదు. 1970లలో కూల్చేశారు. ఆ స్థలంలో 2017లో స్మారకం కట్టారు. కాంక్రీటుతో పోసిన రెండు రైలు పట్టాలు, దగ్గరవుతూ వెళ్లి ఒక చీకటి గూట్లో ఆగిపోతాయి.