బరువు తగ్గితే ఒళ్లు నొప్పులూ పోతాయా?

ఫైబ్రోమయాల్జియా ఉండి బరువు తగ్గే సర్జరీకి వెళ్తున్నారా? ఆపరేషన్ తర్వాత పాత నొప్పి మాత్రలు పనికి రాకపోవచ్చు. ఆ లెక్క ముందే తేల్చుకోండి.

ఈ జబ్బులో మెదడు, నరాలు నొప్పిని పెంచి చూపిస్తాయి. అందుకే ఎక్స్‌రేలు నార్మల్‌గా వస్తాయి, ఇంట్లోవాళ్లేమో 'నీకేం లేదు' అంటారు. బరువు తగ్గితే మోకాళ్లకు భారం తగ్గుతుంది. ఒళ్లంతా నొప్పులు పూర్తిగా పోతాయన్న గ్యారంటీ మాత్రం లేదు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఫైబ్రోమయాల్జియాకు ఎలాగూ పెద్దగా పనిచేయవు. గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత వేసుకుంటే పొట్టనూ పేగునూ కలిపిన చోట పుండ్లు పడొచ్చు, రక్తం కారొచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అలవాటుంటే మానేయాల్సిందే. డ్యులోక్సెటిన్, ప్రీగాబాలిన్ వాడుతుంటే సొంతంగా ఆపొద్దు. నెమ్మదిగా కరిగే రకం మాత్రలు బైపాస్ తర్వాత సరిగా ఒంటబట్టకపోవచ్చు. మీ మందుల లిస్టు సర్జరీకి ముందే సర్జన్‌కు చూపించండి.

ఆ తర్వాత నీరసం, నొప్పులు పెరిగితే 'మామూలేలే' అని సరిపెట్టుకోకండి. బీ12, ఐరన్, విటమిన్ డి తగ్గినా అలాగే ఉంటుంది. టెస్టులు చేయించండి. నడక కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.