మైకో పంపా, సెన్సార్ బండా?

సాలూరు దాటి, కోనవలస చెక్‌పోస్టు వెనక వదిలేశాక రోడ్డు ఒడిశా వైపు కొండెక్కడం మొదలెడుతుంది. సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ చేరేసరికి బండి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తుకు వచ్చేస్తుంది. పాత నంబరు 43, ఇప్పటి నంబరు 26 అయిన ఈ జాతీయ రహదారి మీదే సాలూరు లారీల ఊరుగా ఎదిగింది. డీజిల్ ఇంజను గుణం తెలుసుకోవడానికి ఉత్తరాంధ్రలో ఇంతకు మించిన ప్రయోగశాల లేదు. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది. 900 మీటర్ల దగ్గర గాలి సాంద్రత తీరంలో కంటే ఎనిమిది తొమ్మిది శాతం తక్కువ. టర్బో లేని పాత జీపు పంపుకు ఆ సంగతి తెలియదు. యాక్సిలరేటరు ఎంత తొక్కితే అంత డీజిల్ పంపేస్తుంది. గాలి చాలని డీజిల్ మసిగా మారి వెనక నల్లగా కక్కుతుంది. అదే మలుపులో వెనకే వస్తున్న కొత్త పికప్ లోపలికొచ్చే గాలిని కొలుచుకుని, దానికి సరిపడా డీజిల్ మాత్రమే వదులుతుంది.

ఇంత తేడా కళ్లముందు కనిపిస్తున్నా, సెకండ్‌హ్యాండ్ పికప్ కొనడానికి వెళ్లిన మనిషి పాత బండి దగ్గరే ఎక్కువసేపు నిలబడతాడు. పలాస జీడిపప్పు మోసేవాళ్లకీ, ఉద్దానం కొబ్బరికాయలు దింపేవాళ్లకీ, రామభద్రపురం మార్కెట్టుకి కూరగాయలు తోలేవాళ్లకీ, సీతంపేట కొండల నుంచి అనాసపళ్లు దించేవాళ్లకీ అదే సందేహం. పాత మెకానికల్ పంపు బండి తీసుకోవాలా, సెన్సార్లున్న కామన్ రైల్ బండి తీసుకోవాలా? ఈ సందేహం తెలివితక్కువది కాదు. దీని వెనక నూరేళ్లకు పైబడిన యంత్రకథ ఉంది.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజనును నడిపి చూపించినప్పుడు అది ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతుకు పైగా పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలు దాని దరిదాపుల్లో లేవు. దానికి స్పార్క్ ప్లగ్గు అక్కర్లేదు. గాలిని ఇరవయ్యో వంతుకు దగ్గరగా నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులో డీజిల్ చిమ్మితే తనంతట తనే అంటుకుంటుంది. చిక్కంతా ఆ చిమ్మడంలోనే ఉంది. సరిగ్గా ఎంత, సరిగ్గా ఎప్పుడు, ఎంత సన్నగా? రుడాల్ఫ్ డీజిల్ ఆ పనికి నొక్కిపెట్టిన గాలిని వాడాడు. ఇంజను పక్కన పెద్ద కంప్రెసర్ ఉండాల్సి వచ్చేది. అలాంటి ఇంజను ఫ్యాక్టరీలో, ఓడలో కూర్చోగలదు గాని బండెక్కలేదు.

బండెక్కించినది పంపు. రాబర్ట్ బాష్ కంపెనీ 1922లో పని మొదలుపెట్టి 1927లో ఇన్‌లైన్ పంపుల భారీ ఉత్పత్తికి దిగింది. ఆ పంపు విప్పి చూసిన ఎవరికైనా దాని మీద గౌరవం కలుగుతుంది. సిలిండరుకొకటి చొప్పున ఒక ఉక్కు గొట్టం, అందులో పైకీ కిందకీ ఆడే ప్లంజర్. రెండింటి మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. అందులో వాషర్లు లేవు, రబ్బరు లేదు. ఉక్కుకీ ఉక్కుకీ మధ్య డీజిలే కందెన. ప్లంజర్ ఒంటి మీద ఏటవాలుగా ఒక గాడి కోసి ఉంటుంది. ప్లంజర్‌ను కొద్దిగా తిప్పితే ఆ గాడి రంధ్రానికి ముందే ఎదురుపడి డీజిల్ వెనక్కి జారిపోతుంది, ఇంకొంచెం తిప్పితే ఆలస్యంగా ఎదురుపడుతుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు డ్రైవరు చేసేది ఈ ప్లంజర్లన్నిటినీ ఒకేసారి తిప్పడమే. ఇంజను హద్దుమీరి తిరగకుండా గవర్నరు ఉంటుంది. గిర్రున తిరిగే బరువులు వేగం పెరిగేకొద్దీ విచ్చుకుని, స్ప్రింగును నెట్టి, డీజిల్ తగ్గిస్తాయి. కొలవడం, లెక్కగట్టడం, ఆదేశించడం అన్నీ లోహంతోనే. ఒక్క తీగ లేకుండా ఇంత లెక్క చేసిన యంత్రాన్ని నేను మానవ మేధస్సు గొప్ప విజయాల్లో ఒకటిగా లెక్కిస్తాను.

మన దేశంలో ఆ పంపుకు ఇల్లు మైకో. 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీగా మొదలై, బెంగళూరులో ఫ్యాక్టరీ పెట్టి, 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. మన షెడ్లలో మాత్రం ఇంకా మైకో పంపే. 1980లలో మహీంద్రా ఫ్రాన్సుకు చెందిన ప్యూజో నుంచి తెచ్చుకున్న 2,112 సీసీ డీజిల్ ఇంజనుతో జీపులు మన ఏజెన్సీ సంతలకు చేరాయి. టాప్ మీద, బంపర్ మీద కూడా మనుషుల్ని మోసిన సర్వీసు జీపులు ఈ ప్రాంతంలో ఎవరికి గుర్తులేవు?

కాని ఆ పంపుకు పుట్టుకతో వచ్చిన ఒక లోపం ఉంది. ఒత్తిడి పుట్టించేదీ అదే, కొలిచేదీ అదే, సమయం చెప్పేదీ అదే. పైగా ఇంజను తిప్పితేనే అది తిరుగుతుంది కాబట్టి ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు ఒత్తిడీ తక్కువే. నిండు లోడుతో, ఫస్ట్ గేరులో, కొండ మొదట్లో బండి కదిలే క్షణంలోనే డీజిల్ సన్నటి తుంపరగా కావాలి. ఆ క్షణంలోనే పంపు బలహీనంగా ఉంటుంది. పల్చటి గాలితో పాటు నల్లపొగకు ఇంకో మూలం ఇదే.

దీనికి మందు చాలా పాతది. 1910ల్లోనే బ్రిటన్‌లోని వికర్స్ కంపెనీ జలాంతర్గాముల ఇంజన్లకు వేరే పద్ధతి పెట్టింది. పంపు పని ఒత్తిడి పుట్టించడం వరకే. ఆ ఒత్తిడితో ఉన్న డీజిల్ అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఒకే గొట్టంలో నిలవుంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు అక్కడి నుంచి తీసుకోవాలి. బోరింగు దగ్గర కొట్టినంతసేపే నీళ్లు వస్తాయి, ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటే కుళాయి తిప్పగానే అదే జోరుతో వస్తాయి. వికర్స్ చేసింది ఆ ట్యాంకు కట్టడమే. అంటే కామన్ రైల్ అనే ఆలోచన బాష్ పంపుకంటే ముందు పుట్టింది. లేనిది కుళాయిని క్షణంలో వెయ్యో వంతులో తెరిచి మూయగల చెయ్యి. అది లేక ఆ పద్ధతి దశాబ్దాలు వెనకబడిపోయింది, బాష్ పంపు లోకమేలింది.

ఆ చెయ్యి ఎలక్ట్రానిక్స్ రూపంలో వచ్చింది. 1960లలో స్విట్జర్లాండ్‌లో రాబర్ట్ హ్యూబర్ నమూనా తయారుచేశాడు. 1995లో జపాన్‌లో డెన్సో దాన్ని హీనో లారీకి ఎక్కించింది. ఇటలీలో ఫియట్ మనుషులు కారుకు సరిపడేలా మలిచి, ఉత్పత్తి హక్కును బాష్‌కు అమ్మేశారు. 1997లో ఆల్ఫా రోమియో 156 ఆ ఇంజనుతో రోడ్డెక్కింది. అప్పటి రైలులో ఒత్తిడి 1,350 బార్లు. ఇప్పుడు 2,000 బార్లు మామూలు. పాత ఇన్‌లైన్ పంపుల్లో అది కొన్ని వందలే. ఇంజను మెల్లగా తిరిగినా ఒత్తిడి తగ్గదు. ఒకే మంటకు డీజిల్‌ను మూడు నాలుగు విడతలుగా చిమ్మవచ్చు. ముందుగా ఒకటి రెండు ఘన మిల్లీమీటర్ల చిన్న చినుకు, ఆ తర్వాత అసలు మోతాదు. ఆ మొదటి చినుకు మంటను మెత్తగా మొదలెడుతుంది కాబట్టే కొత్త పికప్‌లో పాత జీపు టకటక వినిపించదు.

2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్, ఆ దశాబ్దంలో కామన్ రైల్‌కు మారిన బొలెరో పికప్ మనకు దీన్ని దగ్గర చేశాయి. మెకానికల్ పంపుకు చట్టం తలుపు మూసేసింది. భారత్ స్టేజ్ (బిఎస్) కాలుష్య నిబంధనల్లో పాతదైన బిఎస్3 బళ్ల అమ్మకాన్ని 2017 ఏప్రిల్ 1 నుంచి సుప్రీంకోర్టు ఆపేసింది, 2020 ఏప్రిల్ 1 నుంచి బిఎస్6 వచ్చింది. కాబట్టి మెకానికల్ పంపు పికప్ కావాలంటే ఇప్పుడు వెతకాల్సింది పాతబళ్లలోనే.

అయినా ఎందుకు వెతుకుతున్నారు? సాలూరు షెడ్డులో ఒక మేస్త్రీ నాతో అన్న మాట: "పంపయితే ఇప్పి, బెంచీకెక్కించి, సాయంత్రానికి బిగించేత్తాం బావు. సెన్సారు బండి దారిలో ఆగిపోనాదంటే లాప్‌టాపు ఉన్నోడు రావాల." ఇందులో నిజం చాలా ఉంది. పాత ఇంజను ఒకసారి స్టార్టయితే కరెంటుతో దానికి దాదాపు పనిలేదు. బ్యాటరీ చచ్చినా నలుగురు తోస్తే, లేదా దిగుడులో వదిలి గేరేస్తే స్టార్టవుతుంది. డీజిల్ లైనులో ఎయిర్ పట్టిందంటే ఫీడు పంపు పిడి కొట్టి ఎవరైనా తీసేస్తారు. జబ్బు పొగలోనే కనిపిస్తుంది. నలుపైతే డీజిల్ ఎక్కువ లేదా గాలి తక్కువ, తెలుపైతే సరిగా మండని డీజిల్, నీలమైతే ఇంజను ఆయిలు కాలుతోంది. కామన్ రైల్ బండికి బ్యాటరీ కరెంటు, క్రాంక్ సెన్సారు, రైలులో చాలినంత ఒత్తిడి, మూడూ ఉండాలి. భావనపాడు, కళింగపట్నం నుంచి చేపలు తెచ్చే బళ్ల కింద ఉప్పునీళ్లు కారి ఒక కనెక్టరు చిలుం పట్టినా కంప్యూటరు జాగ్రత్తపడి ఇంజను బలం తగ్గించేస్తుంది. తప్పు తీగలో ఉంటుంది, భయం ఇంజను మీదకు పోతుంది.

ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. పంపు మేస్త్రీలు మన ఊళ్లలో ఇంకా మిగిలి ఉన్నది జీపుల వల్ల కాదు, ట్రాక్టర్ల వల్ల. 2023లో వచ్చిన ట్రెమ్4 కాలుష్య నిబంధన 50 గుర్రాల బలం దాటిన ట్రాక్టర్లకే వర్తించింది. శ్రీకాకుళం పొలాల్లో తిరిగేవి ఎక్కువగా అంతకంటే చిన్నవి. వాటిలో మెకానికల్ పంపే ఉంది. కాబట్టి ప్లంజర్లు, నాజిళ్లు, పంపు బెంచీలు ఇప్పట్లో మాయం కావు. పాత బండి కొంటే విడిభాగాలు దొరకవేమోనన్న భయం ఇక్కడ సగానికి సగం తగ్గించుకోవచ్చు.

డీజిల్ గురించి భయాలు మాత్రం సర్దుకోవాలి. కొత్త డీజిల్‌లో గంధకం 10 పీపీఎం దాటకూడదు, బిఎస్3 రోజుల్లో 350 వరకూ ఉండేది. గంధకం తీస్తే జిడ్డు పోయి పాత పంపు అరిగిపోతుందని షెడ్లలో చెప్పుకుంటారు. గంధకం తీసే ప్రక్రియలో డీజిల్‌కు సహజంగా ఉండే కందెన గుణం కొంత పోతుందన్నది నిజం. అందుకే ఆ గుణం ఒక స్థాయికి తగ్గకూడదని ప్రమాణం పెట్టారు, దానికి తగ్గ మందు కలుపుతారు. 1957 నుంచి నడుస్తున్న విశాఖ రిఫైనరీ అయినా, మరేదైనా, ఆ ప్రమాణం పాటించాల్సిందే. కాబట్టి బంకు డీజిల్ పాత పంపును చంపదు. కిరసనాయిలు కలిపితే మాత్రం పాతదీ చస్తుంది, కొత్తదీ చస్తుంది.

తేడా నీటి దగ్గర వస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని కొట్టాక కరెంటు లేని రోజులు అందరికీ గుర్తే. అలాంటప్పుడు డీజిల్ డ్రమ్ముల్లో, డబ్బాల్లో నిలవుంటుంది, అందులోకి నీరు చేరుతుంది. పాత పంపు కొంత నీటిని సహిస్తుంది. 1,600 బార్ల ఒత్తిడిలో పనిచేసే ఇంజెక్టరు సహించదు. దాని రంధ్రం మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త ఎక్కువ. నీళ్లు చేరిన చోట డీజిల్ పొర తెగుతుంది, లోహం లోహాన్ని రాసుకుంటుంది. కొత్త బండికి ఖరీదైన విరోధి కంప్యూటరు కాదు, మార్చని డీజిల్ ఫిల్టరు.

బిఎస్6 బళ్లకు ఇంకొక షరతు ఉంది. పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ నిండాక, దాన్ని ఆరేడు వందల డిగ్రీల వేడిలో బండే కాల్చుకుంటుంది. అందుకు బండి కొంతసేపు ఆగకుండా నడవాలి. కల్లం నుంచి మిల్లుకు, మిల్లు నుంచి ఇంటికి నాలుగేసి కిలోమీటర్లు తిరిగే బండి ఆ పని పూర్తి చేయలేదు. జల్లెడ పూడుకుంటుంది, ఆ వేడి కోసం అదనంగా చిమ్మిన డీజిల్ ఇంజను ఆయిలులో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు మట్టం పెరిగితే సంతోషించకూడదు.

అలాగని మసిని తేలిగ్గా తీసుకోలేను. డీజిల్ పొగ క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ సంస్థ 2012లో ప్రకటించింది. కార్లకు బిఎస్4లో కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసిని అనుమతించారు, బిఎస్6లో నాలుగున్నర. ఘాటులో నల్లపొగ కక్కే బండి వెనక బడికి నడిచే పిల్లలు ఆ తేడా పీలుస్తున్నారు.

నన్నడిగితే, పలాస నుంచి విశాఖకో, సాలూరు నుంచి కొరాపుట్‌కో రోజూ లోడుతో తిరిగేవాళ్లు బిఎస్6 తీసుకోవాలి. దూరమే ఆ జల్లెడను శుభ్రంగా ఉంచుతుంది, డీజిల్ ఆదా బాకీ తీరుస్తుంది. సంతలకీ పొలాలకీ దగ్గర తిరుగుడే ఎక్కువైతే 2017కీ 2020కీ మధ్య వచ్చిన బిఎస్4 కామన్ రైల్ పికప్ నా ఎంపిక. అందులో సన్నటి తుంపర ఉంది, మసి జల్లెడ తలనొప్పి సాధారణంగా లేదు. మెకానికల్ పంపు బండి కొండమీద గూడెంలో, వారానికొకటి రెండుసార్లు కదిలే చోట, స్కానరు పెట్టే మనిషి పూటదూరంలో ఉన్నచోట మాత్రమే న్యాయం. దాన్ని కొనేముందు పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజనును స్టార్ట్ చేయించి పొగ చూడండి, ఆయిలు మూత తీసి లోపల్నుంచి తన్నే గాలి చూడండి. కామన్ రైల్ బండికి అయితే మేస్త్రీ చేత రిటర్ను పరీక్ష చేయించండి. ఒక్కో ఇంజెక్టరు నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను ఒక్కో సీసాలోకి పట్టి, కాసేపు ఐడిలింగ్‌లో నడిపితే చాలు. ఏ సీసా మిగతావాటికంటే ముందు నిండుతుందో ఆ ఇంజెక్టరు అరిగిపోయినట్టు. దాని ధర బండి బేరంలోంచి తగ్గించమని అడగండి.