ఒక్క లైను – పది కంప్యూటర్లు

బడిలో పది కంప్యూటర్లు పెట్టారు. అన్నిటికీ ఇంటర్నెట్ కావాలి. "పదింటికీ పది లైన్లు తీసుకోవాలా టీచరమ్మా? పది బిల్లులు కట్టాలా?" అని తల్లుల మీటింగులో ఒకామె అడిగింది.

అక్కర్లేదు. ఒక్క లైను చాలు.

కంప్యూటర్ల గదిలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని రౌటర్ అంటారు. బయటి లైను దానికి వస్తుంది. అక్కడినుంచి కంప్యూటర్లకి తీగలు వెళ్తాయి. కంప్యూటర్లు ఎక్కువైతే స్విచ్ అనే ఇంకో పెట్టె పెడతారు. ఇది దీపం వేసే స్విచ్ కాదు, పేరొక్కటే!

రౌటర్ ఏం చేస్తుంది? ఉమ్మడి కుటుంబానికి ఇంటి నంబరు ఒకటే. పోస్టుమాన్ ఉత్తరాలన్నీ గడపలో ఇచ్చి పోతాడు. ఇంట్లో పెద్దావిడ ఎవరివి వాళ్ళకి పంచుతుంది. రౌటరూ అంతే. గదిలో ప్రతి కంప్యూటరుకీ ఒక నంబరు ఉంటుంది. ఏది ఏం అడిగిందో రౌటర్ గుర్తు పెట్టుకుంటుంది. జవాబు రాగానే దానికే పంపుతుంది. బయటివాళ్ళకి కనబడేది మాత్రం ఒక్క నంబరే.

1999లో వచ్చిన విండోస్ 98 రెండో కూర్పులో ఈ పని ఒక కంప్యూటరే చేసేది. టెలిఫోను తీగ దానికి ఉండేది. దాన్ని ఆపితే మిగతావాటికీ ఇంటర్నెట్ ఆగిపోయేది.

ఒక చిక్కుంది. కుళాయి ఒకటి, బిందెలు పది. పదిమంది పిల్లలు ఒకేసారి వీడియోలు చూస్తే అన్నీ నత్తనడక నడుస్తాయి. అందుకని పాఠాన్ని ఒక్కసారి దించి ఒక కంప్యూటరులో దాచాలి. మిగతావి గదిలోని తీగల మీదే దాన్ని తీసుకుంటాయి. ఆ రోజు ఇంటర్నెట్ రాకపోయినా పాఠం ఆగదు.

సాఫ్ట్‌వేరు సంగతి వేరు. కంప్యూటరు చేత పని చేయించేదే సాఫ్ట్‌వేరు. ఒక కంప్యూటరుకని లైసెన్సు కొని పదింటిలో వేయకూడదు. అది తప్పు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అని ఇంకో రకం ఉంది. దాన్ని ఎన్నిటిలోనైనా వేసుకోవచ్చు. 1991లో మొదలైన లినక్స్ అలాంటిది. ఇంటర్నెట్ చూపించే ఫైర్‌ఫాక్స్ కూడా అంతే. కేరళ ప్రభుత్వ బడుల్లో ఇలాంటివి వాడి ఎంతో డబ్బు మిగుల్చుకున్నారు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నలుగురిలో ముగ్గురు పిల్లల తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడికొచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో కమిటీ చూడొచ్చు. కంప్యూటర్ల బిల్లు వస్తే అడిగి తీసుకుని చదవండి. లైన్లు ఎన్ని రాశారు? లైసెన్సులు ఎన్ని కొన్నారు? వాటి కాగితాలు ఏవి?