విమానం దిగినంక ఇచ్చే పైసలు ఎవలకు అక్కెరకొస్తయి?

జర్మనీల ఫీజులు లేవంట గదా అన్నా అని ఊర్లల్ల శానమంది నన్ను అడుగుతరు. చాలా సర్కారు యూనివర్సిటీలల్ల ఆ మాట నిజమే. కానీ వీసా కావాలంటే ఏడాది బతుకుడు ఖర్చు ముందుగాల్నే చూపియ్యాలె. మన పిల్లలు ఎక్కువగ బ్లాక్డ్ అకౌంట్ల 11,904 యూరోలు వేసి చూపిస్తున్నరు. మన లెక్కల పది లక్షలకు పైమాటే.

ఆ పైసలు పిల్లలవే, కానీ ఒక్కపారి తీసుకోనియ్యరు. అక్కడికి పోయినంక నెలకు 992 యూరోల లెక్కన విడుస్తరు. అవి పడాలంటే అక్కడ మామూలు బ్యాంకు ఖాతా తెరవాలె. దానికి చాలా బ్యాంకులు ఇంటి అడ్రసు నమోదు కాయితం అడుగుతయి. ఇల్లు కావాలంటే మూడు నెలల కిరాయి దాక అడ్వాన్సు అడగొచ్చని అక్కడి చట్టమే చెప్తది. అంటే ఖాతాల లక్షలున్నా మొదటి నెల జేబు ఖాళీనే. అందుకే చెప్తున్న, రెండు నెలల ఖర్చు ఫారెక్స్ కార్డుల వేరుగ పెట్టుకోండ్రి. ఓటీపీలు వచ్చే ఇండియా నంబరు బంద్ కాకుండ చూసుకోండ్రి.

గివన్నీ పైసలున్నోళ్ల ముచ్చట్లు. మరి లేనోళ్ల సంగతేంది?

తెలంగాణల అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉన్నది. ఏడాదికి అయిదు లక్షల లోపు ఆదాయం ఉన్న ఎస్సీ, ఎస్టీ ఇండ్ల పిల్లలకు 20 లక్షల దాక ఇస్తరు. మంచి పథకమే. కానీ మొదటి విడత పది లక్షలు ఆ దేశంల దిగినట్టు కాయితం చూపెడితెనే వస్తయి. వీసాకేమో పైసలు ముందు కావాలె. ఈ రెండిటి నడుమ పేదింటోళ్లు ఏంజెయ్యాలె? మిత్తికి తెస్తరు, లేకుంటే ఉన్న ఎకరం కుదువ పెడ్తరు. విడత ఎన్ని దినాలు ఆలస్యమైతే మిత్తి అంత పెరుగుతది.

పైసలు తీస్కొని పిల్లలు పోకుంటే ఎట్ల అని సర్కారుకు అనుమానం ఉండొచ్చు. దానికి మందు బ్లాక్డ్ అకౌంట్లనే ఉన్నది. పిల్లలు అక్కడ దిగేదాక అండ్లకెల్లి రూపాయి కదలదు. వీసా రాకుంటే వాపసు తీసుకోవచ్చు. అందుకే జర్మనీకి పోయే పిల్లలకు మొదటి విడతను అడ్మిషన్ కాయితం చూసి నేరుగా ఆ అకౌంట్లనే వెయ్యాలె. వాపసు వస్తే సర్కారు ఖాతాకే చేరేటట్టు ముందే రాయించుకోవాలె.

దీనికి కొత్త బడ్జెట్ అక్కెరలేదు. ఇచ్చే పైసలే, అక్కెరున్న దినాన ఇయ్యుండ్రి అంటున్నం.