పట్టు జాకెట్టుకు నూలు లైనింగ్ ఎందుకు?

గద్వాల చీరలో ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. 2010లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన ఈ చీర మీదికి పట్టు జాకెట్టు కుట్టించుకుంటే, దర్జీ లోపల పల్చటి నూలు లైనింగ్ వేస్తాడు. ఎందుకు?

పట్టు దారాలు నున్నగా ఉంటాయి. జాకెట్టు బిగుతైతే కుట్టు దగ్గర అవి పక్కకు జారి గుడ్డ విచ్చుకుంటుంది. ఆ లాగుడును లైనింగ్ తన మీద వేసుకుంటుంది. చెమటను పీలుస్తుంది, జరీ ఒంటికి గుచ్చుకోకుండా చూస్తుంది.

అయితే లైనింగ్ గుడ్డను ముందే తడిపి ఆరబెట్టాలి. లేదంటే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి, పైనున్న పట్టు ముడతలు పడుతుంది. తొందరలో చాలామంది ఎగ్గొట్టే పని ఇదే!

 

తోలు జాకెట్లకు మాత్రం తరచూ నున్నటి లైనింగే వేస్తారు, చేతులు సులువుగా దూరడానికి.