కూలి చేతిలో కుట్టిన నరం

మిషను మీద పడుకుంటే రక్తం శుభ్రమైపోతుంది, లేచి పనిలోకి పోవచ్చు అనుకుంటారు చాలామంది. అందులో సగమే నిజం. మిగతా సగం రక్తనాళాలది. అది కూలోళ్లకు విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ గనక మనమే చెప్పుకోవాలి.

కిడ్నీలు రేయింబవళ్లు చేసే పనిని డయాలసిస్ మిషను నాలుగు గంటల్లో ముగించాలి. అందుకు నిమిషానికి 200 నుంచి 300 మిల్లీలీటర్ల రక్తాన్ని లాగి, వడకట్టి, తిరిగి ఒంట్లోకి పంపుతుంది. చేతిమీద కనిపించే మామూలు నరం (మనం నరమంటాం గానీ అది సిర) అంత ధార యివ్వలేదు. 1966లో న్యూయార్క్ డాక్టర్లు బ్రెస్సియా, సిమినో తమ తోటివారితో కలిసి దీనికి ఉపాయం ప్రకటించారు. గుండె నుంచి వచ్చే ధమనిని, గుండెకు పోయే సిరను చర్మం కింద కలిపి కుట్టారు. అదే ఫిస్టులా.

పంటబోదెను నేరుగా సాగర్ మేజరుకు కలిపితే నీటి జోరుకు గట్లు తెగుతాయి. ఒంట్లో మాత్రం గట్టు బలుస్తుంది. ఆరు వారాలో, యింకా ఎక్కువో గడిస్తే సిర లావై సూదికి పనికొస్తుంది. కానీ ఆ అదనపు ధారనంతా తోడాల్సింది గుండే. కొందరికి వేళ్లకు పోవాల్సిన రక్తం దారి మళ్లి, వేళ్లు చల్లబడి నొప్పిపెడతాయి. లోపలి గోడ మందమై దారి యిరుకైతే రక్తం గడ్డకడుతుంది.

నీళ్ల సంగతి యింకా కష్టం. మూత్రం సరిగా రానివాళ్లు నీళ్లు కొలిచి తాగాలంటారు డాక్టర్లు. ఎండాకాలం తునికాకు కోతకు పోయినవాడు కొలిచి ఎట్లా తాగుతాడు? తాగిన నీరు ఒంట్లో నిలిచి బి.పి. పెరుగుతుంది. రెండు మూడు లీటర్లు ఒక్క పూటలో లాగేస్తే బి.పి. పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, పిక్కలు పట్టేస్తాయి. మర్నాడు మిరప కోతకు లేవగలడా?

మిషను ఖర్చు సర్కారు భరిస్తే సరిపోదు. చర్ల నుంచి భద్రాచలం దాదాపు 60 కిలోమీటర్లు. వారానికి మూడుసార్లు వచ్చిపోతే మూడు కూళ్లు పోయినట్టే, తోడు వచ్చినవాళ్లవీ పోతాయి. తెలంగాణలో 2022లో డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను మొదలుపెట్టినప్పుడు నెలకు 2,016 రూపాయలు. 2014లో ఆంధ్రలో కలిపిన కూనవరం, చింతూరు మండలాలవాళ్ల కార్డేమో మరో రాష్ట్రానిది.

బస్సుకూ కూలికీ వెరచి ఆలస్యం చేసినవాళ్లకు మెడలో గొట్టం వేస్తారు. ఆ గొట్టం వెంట క్రిములు నేరుగా రక్తంలోకి పోతాయి. చాలాకాలం వుంటే గుండె దగ్గరి పెద్ద సిరలే యిరుకై, తర్వాత ఫిస్టులా వేసినా సరిగా పనిచేయకపోవచ్చు. కాబట్టి కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని తెలిసినప్పుడే, మిషను అవసరం పడక కొన్ని నెలల ముందే, ఫిస్టులా సంగతి డాక్టరును గట్టిగా అడగాలి. వీలైతే పనికి తక్కువ వాడే చేతికే వేయమనాలి.

కుట్టిన చేతికి బి.పి. పట్టీ కట్టనీయొద్దు, రక్తపరీక్షకు సూది పొడవనీయొద్దు. బిగుతు గాజులొద్దు, ఆ చేత్తో బస్తాలెత్తొద్దు, దానిమీద తలపెట్టి పడుకోవద్దు. మేస్త్రీలు కూడా యిది తెలుసుకొని వాళ్లకు మోతపని చెప్పకూడదు. రోజూ పొద్దున అక్కడ వేళ్లు పెట్టి చూసుకుంటే లోపల జుమ్మని అదురుతుంటుంది. ఆ అదురు ఆగిందంటే మళ్లీ డయాలసిస్ రోజుదాకా చూడకుండా ఆ పూటే ఆసుపత్రికి పోవాలి.